బైనరీ ఫైళ్లకు ప్యాచ్ తయారు చేయడం, వేయడం: ఒక్క బైటు నుంచి గిగాబైట్ల దాకా

2024 మార్చిలో తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ గుర్తు టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు, తెలిసినవారి మెకానిక్ షెడ్డులో ఏళ్ల తరబడి నడుస్తున్న బిల్లింగ్ ప్రోగ్రామును సరిచేయవలసిన పని నా మీద పడింది. దానిని వాళ్లే డబ్బిచ్చి రాయించుకున్నారు గనుక హక్కుల పేచీ లేదు. అయితే రాసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు, సోర్సు కోడు ఎవరి దగ్గరా లేదు, మిగిలినది ఒక్క ఎక్జిక్యూటబుల్ ఫైలు. పాత బండ్ల గుర్తు టీఎస్‌గానే ఉంటుంది. కొత్త బండి వివరాలు నమోదు చేసేటప్పుడు ప్రోగ్రాము తనంతట తాను నింపే రెండక్షరాల్లో రెండోది మాత్రమే మారాలి. అంటే ఆ ఫైలులో మారవలసింది ఒక్క బైటు.

అంత చిన్న పని మొదలుకొని, గిగాబైట్ల డిస్కు ఇమేజికి తేడాను మాత్రమే పంపడం దాకా, బైనరీ ప్యాచ్‌ను, అంటే పాత ఫైలును కొత్తదిగా మార్చే తేడాల ఫైలును, తయారు చేసి జాగ్రత్తగా వేసే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఉదాహరణలు లినక్స్ టెర్మినల్ కోసం రాసినవి. ఆదేశాల పేర్లనూ, వాటి ఐచ్ఛికాలనూ ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను కాబట్టి టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మూడుచోట్ల తప్ప అన్నీ చిన్న అక్షరాలే. ఆ చోట్లు వచ్చినప్పుడు చెబుతాను. ఫైళ్ల పేర్లు మాత్రం మీ ఇష్టం, తెలుగులో పెట్టుకున్నా లినక్స్ కాదనదు.

టెక్స్టు ప్యాచ్ అలవాటు ఇక్కడ పనికిరాదు

సోర్సు కోడుతో పనిచేసేవారికి డిఫ్, ప్యాచ్ అనే రెండు పనిముట్లు బాగా తెలుసు. మొదటిది 1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ చేతిలో పుట్టింది, రెండోదాన్ని 1985లో లారీ వాల్ రాశాడు. ఆ జంట పంక్తుల లెక్కన పనిచేస్తుంది. మారిన పంక్తికి ముందూ వెనకా ఉన్న పంక్తులను ఆనవాలుగా పెట్టుకోవడం వల్ల, అసలు ఫైలులో పైన ఎవరో పది పంక్తులు చేర్చినా ప్యాచ్ తన చోటును వెతుక్కుని సర్దుకుంటుంది.

బైనరీ ఫైలులో పంక్తులే లేవు. డిఫ్‌కు రెండు బైనరీ ఫైళ్లు ఇస్తే అవి వేరువేరుగా ఉన్నాయని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. బైనరీ ప్యాచ్ నిజానికి ఒక సూచనల చీటీ: "పాత ఫైలులో ఫలానా స్థానం నుంచి ఇన్ని బైట్లు తెచ్చుకో, తర్వాత ఈ కొత్త బైట్లు చేర్చు, మళ్లీ అక్కడికి వెళ్లి ఇన్ని తెచ్చుకో" అన్న తరహాలో సాగుతుంది. ఆ స్థానాలన్నీ ఒకే ఒక్క పాత ఫైలుకు చెందినవి. పాత ఫైలు ఒక్క బైటు అటూఇటూ జరిగినా చీటీ మొత్తం అర్థం మారిపోతుంది, ఇక్కడ సర్దుబాటు అనే మాటే ఉండదు. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలు దాదాపు అన్నీ ఈ ఒక్క కారణం నుంచి వచ్చినవే.

మొదటి అడుగు: ఏ ఫైలు మీద పని చేస్తున్నామో రాసి పెట్టుకోవడం

పాత ఫైలును విడిగా ఒక చోట నకలు తీసి, దాని మీద రాయడానికి వీలులేకుండా అనుమతి తీసివేయండి. తర్వాత పాత, కొత్త ఫైళ్ల షా-256 హాష్‌లను (ఫైలులోని బైట్ల నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్యలను) తీసి ఒక చిన్న ఫైలులో ఉంచండి.

షా256సమ్ పాత.బిన్ కొత్త.బిన్ > హాష్‌లు.టెక్స్ట్

ఒక్కో ఫైలుకు 64 అంకెల సంఖ్య వస్తుంది. వెర్షను నంబరును నమ్ముకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఒకే వెర్షను పేరుతో రెండు వేర్వేరు బిల్డులు బయటికి రావడం మన రంగంలో వింత కాదు. ప్యాచ్‌కు కావలసింది బైట్లు, వాటికి జనం పెట్టిన పేరు కాదు.

ఒకటి రెండు బైట్లయితే: చేత్తో దిద్దడం

మెకానిక్ షెడ్డు ప్రోగ్రాము దగ్గరికి వద్దాం. ముందుగా ఆ అక్షరాలు ఫైలులో ఎక్కడున్నాయో కనుక్కోవాలి. దానికి స్ట్రింగ్స్ అనే పనిముట్టు ఉంది. అది బైనరీ ఫైలులో చదవగలిగే అక్షరాల వరుసలను ఏరి చూపిస్తుంది, "-టీ డీ" అనే ఐచ్ఛికం ఇస్తే ప్రతి వరుసకూ ముందు దాని స్థానాన్ని దశాంశ సంఖ్యలో ఇస్తుంది. మామూలుగా అది నాలుగు అక్షరాలకు తక్కువైన వరుసలను పట్టించుకోదు కనుక, రెండక్షరాల గుర్తు ఒంటరిగా ఉంటే కనబడదు. అప్పుడు కనీస నిడివిని 2కు తగ్గించుకోవాలి. విండోస్ ప్రోగ్రాముల్లో అక్షరానికి రెండేసి బైట్లు ఉండవచ్చు కాబట్టి, ఏమీ దొరకకపోతే "-ఈ ఎల్" ఐచ్ఛికంతో మరోసారి వెతకండి. దొరికింది ఒక్కచోటేనా, ఇంకా ఎక్కడైనా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి.

ఆ గుర్తు 4096వ స్థానంలో మొదలవుతోందని అనుకుందాం. ఫైలులోని బైట్లను చూపించే ఎక్స్‌ఎక్స్‌డీతో ఆ ప్రాంతాన్ని తెరిస్తే ఎడమవైపు 00001000 అనే చిరునామా, దాని పక్కన 54 53 అనే రెండు బైట్లు కనబడతాయి. చిరునామా, బైట్లు రెండూ పదహారు మూలంలో ఉన్న సంఖ్యలే: 54 అంటే టీ, 53 అంటే ఎస్. మనకు కావలసిన జీ అక్షరం 47. మారవలసిన బైటు రెండోది, అంటే సున్నా నుంచి లెక్కిస్తే 4097వది. పాత ఫైలుకు పని.బిన్ పేరుతో, రాయడానికి వీలున్న ఇంకో నకలు తీసి, దాని మీద ఈ ఆదేశం నడపాలి:

ప్రింట్‌ఎఫ్ 'జీ' | డీడీ ఓఎఫ్=పని.బిన్ బీఎస్=1 సీక్=4097 కన్వ్=నోట్రంక్

ఇందులో రెండు విషయాల దగ్గర ఆగాలి. మొదటిది, కొటేషన్లలో ఉన్నది ఇంగ్లీషు పెద్ద అక్షరం. నేను చెబుతానన్న చోట్లలో మొదటిది ఇదే. అక్కడ పొరపాటున తెలుగులోనే "జీ" అని కొడితే, యూటీఎఫ్-8లో జకారానికి 3, గుడిదీర్ఘానికి 3 కలిపి 6 బైట్లు ఫైలులోకి వెళ్లి, పక్కనున్న ఐదు బైట్లను తుడిచిపెడతాయి. రెండోది, చివరనున్న నోట్రంక్ అనే మాట. అది లేకపోతే డీడీ ఆ స్థానం తర్వాత ఉన్న ఫైలునంతా కోసేస్తుంది. రెండు మెగాబైట్ల ప్రోగ్రాము 4098 బైట్లకు కుంచించుకుపోతుంది. నకలు మీద పని చేయమన్నది ఇందుకే.

మారింది ఒక్క బైటేనా అని ఇప్పుడు, రెండు ఫైళ్లను బైటు బైటుగా పోల్చే సీఎంపీతో పరీక్షించాలి.

సీఎంపీ -ఎల్ పాత.బిన్ పని.బిన్

ఫలితంగా ఒకే ఒక పంక్తి రావాలి: 4098 123 107. చూడగానే కంగారు పడతారు, ఎందుకంటే మనం రాసిన స్థానం 4097, బైట్లేమో 53, 47. తప్పేమీ జరగలేదు. సీఎంపీ స్థానాలను ఒకటి నుంచి లెక్కిస్తుంది, బైట్లను ఎనిమిది మూలంలో చూపిస్తుంది. ఎక్స్‌ఎక్స్‌డీ, డీడీ సున్నా నుంచి లెక్కిస్తాయి. పదహారు మూలంలో 53 అన్నా, పదిలో 83 అన్నా, ఎనిమిదిలో 123 అన్నా ఒకే బైటు. ఈ ఒక్క అంకె తేడాను మరచిపోయి పక్క బైటును మార్చినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రోజు ప్రోగ్రాము చక్కగా తెరుచుకుని మొదటి బిల్లు దగ్గర పడిపోయింది.

నిడివి విషయంలో కచ్చితమైన హద్దు ఉంది. చేత్తో దిద్దేటప్పుడు బైట్లను మార్చగలం గాని చేర్చలేం, ఎందుకంటే ఒక్క బైటు చేర్చినా ఆ తర్వాతి చిరునామాలన్నీ జరిగిపోతాయి. బిల్లు మీద రాష్ట్రం పేరు "ఆంధ్రప్రదేశ్" అని ఇంగ్లీషులో రెండు మాటలుగా 14 బైట్లలో ఉన్నచోట "తెలంగాణ" అని ఇంగ్లీషులో రాస్తే 9 బైట్లే అవుతాయి. మిగిలిన ఐదింటిని ఖాళీలతో నింపవచ్చు, లేదా ఆ ప్రోగ్రాము సున్నా బైటును పదం ముగింపుగా భావించేదైతే సున్నాలతో నింపవచ్చు. అదే మాటను తెలుగు లిపిలో రాయాలంటే 21 బైట్లు కావాలి, ఆ గదిలో పట్టదు.

ఫైలు తనలోనే తన చెక్‌సమ్‌ను (బైట్లు చెడలేదని సరిచూసుకునే లెక్కను) దాచుకునే రకమైతే ఇంకో చిక్కు. ట్రూటైప్ ఫాంటులో ప్రతి పట్టికకూ ఒక చెక్‌సమ్ ఉంటుంది, ఫాంటు మొత్తానికి మరొకటి ఉంటుంది. తెలుగు ఫాంటులో ఒక వత్తు ఆకారాన్ని బైట్ల స్థాయిలో దిద్దితే ఆ రెండింటినీ తిరిగి లెక్కించాలి. పీఎన్‌జీ బొమ్మల్లో, జిప్ ఫైళ్లలో కూడా ఇదే తంతు.

ఈ ఒక్క బైటు మార్పును మరో పది కంప్యూటర్లకు పంపాలంటే ఐపీఎస్ అనే పాత ఫార్మాటు సరిపోతుంది. పాత వీడియో గేముల రోమ్ ఫైళ్లను మార్చుకునే అభిమానుల మధ్య అది బాగా వాడుకలోకి వచ్చింది. దాని నిర్మాణం ఎంత సులువంటే కాగితం మీద రాయవచ్చు: మొదట "ప్యాచ్" అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత స్థానానికి 3 బైట్లు, నిడివికి 2 బైట్లు, ఆపైన కొత్త బైట్లు, అన్నింటికీ చివర "ఈఓఎఫ్" అనే మూడు అక్షరాలు. మన మార్పు 00 10 01 00 01 47 అనే ఆరు బైట్లు అవుతుంది, ముందూ వెనకా కలిపి మొత్తం ప్యాచ్ 14 బైట్లు. స్థానానికి మూడే బైట్లు ఇవ్వడం వల్ల 16 మెగాబైట్లు దాటిన చోటును ఇది చేరుకోలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, 45,42,278వ స్థానాన్ని మూడు బైట్లలో రాస్తే అది అచ్చంగా "ఈఓఎఫ్" అనే అక్షరాలే అవుతుంది, అమాయకంగా రాసిన పనిముట్టు ప్యాచ్ అక్కడితో అయిపోయిందనుకుంటుంది. పాత ఫైలు సరైనదో కాదో చూసే ఏర్పాటు కూడా ఇందులో లేదు. తర్వాత వచ్చిన బీపీఎస్ ఫార్మాటు పాత ఫైలుకు, కొత్త ఫైలుకు, ప్యాచ్‌కు సీఆర్‌సీ32 అనే రకం చెక్‌సమ్‌లు మూడింటిని చివరన చేర్చి ఆ లోటు తీర్చింది.

ఎక్జిక్యూటబుల్ ఫైళ్లకు బీఎస్‌డిఫ్

సోర్సు మార్చి తిరిగి కంపైల్ చేసిన ప్రోగ్రాము సంగతి వేరు. కోడులో ఒక్క షరతు చేర్చినా ఫైలులో వేలాది చోట్ల బైట్లు మారతాయి. ఈ సమస్యకు కాలిన్ పర్సివాల్ 2003లో బీఎస్‌డిఫ్‌తో చక్కటి పరిష్కారం చూపాడు. వాడటం సులువు:

బీఎస్‌డిఫ్ పాత.బిన్ కొత్త.బిన్ మార్పు.ప్యాచ్

బీఎస్‌ప్యాచ్ పాత.బిన్ తయారైన.బిన్ మార్పు.ప్యాచ్

రెండింటిలోనూ వరుస ఒకటే: పాతది, కొత్తది, ప్యాచ్. తయారీలో రెండోది చదవబడుతుంది, వేసేటప్పుడు రెండోది రాయబడుతుంది. కాబట్టి వేసేటప్పుడు రెండో స్థానంలో అవసరమైన ఫైలు పేరేదైనా ఇస్తే అది పోయినట్లే.

లోపల జరిగేది తెలుసుకుంటే ఎక్కడ వాడాలో తెలుస్తుంది. ప్రోగ్రాము మధ్యలో 16 బైట్ల కోడు చేరిందనుకుందాం. దాని తర్వాతి భాగమంతా 16 బైట్లు కిందికి జరుగుతుంది, దాన్ని దాటి పిలిచే ప్రతి సూచనలోనూ చిరునామా మారుతుంది: ఒకచోట 00001240 అన్నది 00001250 అవుతుంది, మరోచోట 00003310 అన్నది 00003320 అవుతుంది. మామూలు పద్ధతిలో చూస్తే ఇవి రెండు వేర్వేరు మార్పులు, ప్రతి చోటా సరిపోలిక తెగిపోతుంది. బీఎస్‌డిఫ్ అలా తెంచదు. కొద్దిగా తేడా ఉన్నా ఆ రెండు భాగాలూ ఒకటేనని పట్టుకుని, కొత్త బైటులోంచి పాత బైటును తీసివేసి ఆ శేషాన్ని రాస్తుంది. రెండు చోట్లా శేషం ఒక్కటే, పదహారు మూలంలో 10. మిగతా అంతా సున్నాలు. సున్నాలతో నిండి, మధ్యమధ్య ఒకే అంకె మళ్లీ మళ్లీ వచ్చే ఆ వరుసను బీజిప్2 అనే కుదింపు పనిముట్టు పిడికెడంత చేసేస్తుంది.

ప్యాచ్ ఫైలు మొదట 32 బైట్ల శీర్షిక ఉంటుంది, అందులో మొదటి 8 అక్షరాలు "బీఎస్‌డిఫ్40". తర్వాత మూడు భాగాలు విడివిడిగా కుదించి ఉంటాయి: ఎక్కడి నుంచి ఎన్ని బైట్లు తేవాలో చెప్పే సూచనలు, పైన చెప్పిన శేషాలు, పాత ఫైలులో ఎక్కడా లేని పూర్తి కొత్త బైట్లు. బీఎస్‌డిఫ్ పేరుతోనే తిరిగే మరికొన్ని లైబ్రరీలు వేరే శీర్షికతో ప్యాచ్ రాస్తాయి గనుక, ఒకదానితో చేసినది మరొకదానితో వేయబోతే ప్యాచ్ పాడైందన్న సందేశం వస్తుంది. అలాంటప్పుడు డౌన్‌లోడును అనుమానించే ముందు ఆ మొదటి అక్షరాలు చూడండి.

దీనికి చెల్లించే మూల్యం మెమరీ. తయారు చేసే యంత్రంలో పాత ఫైలుకు 17 రెట్ల మెమరీ కావాలి. 100 మెగాబైట్ల ఫైలుకు 1.7 గిగాబైట్లన్నమాట. వేసే యంత్రంలో మాత్రం పాత, కొత్త ఫైళ్ల పరిమాణాల మొత్తం చాలు. తయారీ ఒక్కసారే, వేయడం వేల చోట్ల కాబట్టి ఈ బేరం న్యాయమైనదే.

అసలు ప్రమాదం ఇంకొకటి. ఆ శీర్షికలో కొత్త ఫైలు పరిమాణం ఉంటుంది గాని పాత ఫైలు ఏదో గుర్తుపట్టే హాష్ ఏదీ ఉండదు. ఒకసారి నేను ఒక ప్యాచ్‌ను ఒక వెర్షను తప్పి పక్క వెర్షను మీద వేశాను. ఏ ఫిర్యాదూ రాలేదు. ఫైలు తయారైంది, పరిమాణం చివరి బైటు దాకా సరిపోయింది, లోపల మాత్రం గందరగోళం. ఒక గంట వెతికిన తర్వాత హాష్ చూడాలని తట్టింది. పరిమాణం సరిపోవడం దేనికీ సాక్ష్యం కాదు, ఎందుకంటే అది ప్యాచ్‌లో రాసి ఉన్న సంఖ్య మాత్రమే.

ఇదే ఆలోచనను గూగుల్ క్రోమ్ బృందం 2009లో కూర్జెట్ పేరుతో ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఎక్జిక్యూటబుల్‌ను విడగొట్టి, చిరునామాల చోట పేర్లు పెట్టి, ఆ రూపాల మధ్య తేడా తీయడం దాని పద్ధతి. అప్పట్లో వారు చూపిన ఒక ఉదాహరణలో పూర్తి అప్‌డేటు 1,03,85,920 బైట్లు, బీఎస్‌డిఫ్ ప్యాచ్ 7,04,512 బైట్లు, కూర్జెట్ ప్యాచ్ 78,848 బైట్లు. సొంత అవసరాలకు అంత దూరం వెళ్లనక్కర్లేదు.

పెద్ద ఫైళ్లకు ఎక్స్‌డెల్టా3, జెడ్‌స్టాండర్డ్

డిస్కు ఇమేజి, డేటాబేసు నకలు, గేము వనరుల కట్ట లాంటి గిగాబైట్ల ఫైళ్లకు బీఎస్‌డిఫ్ వాడబోతే మెమరీ చాలదు. జాషువా మెక్‌డొనాల్డ్ రాసిన ఎక్స్‌డెల్టా3 అక్కడ పనికొస్తుంది. అది వీసీడిఫ్ అనే ప్రామాణిక ఫార్మాటులో, అంటే 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3284 ప్రకారం రాస్తుంది.

ఎక్స్‌డెల్టా3 -ఈ -ఎస్ పాత.ఐఎంజీ కొత్త.ఐఎంజీ మార్పు.వీసీడిఫ్

ఎక్స్‌డెల్టా3 -డీ -ఎస్ పాత.ఐఎంజీ మార్పు.వీసీడిఫ్ తయారైన.ఐఎంజీ

ఇక్కడ వేసేటప్పుడు వరుస మారుతుంది, ప్యాచ్ ముందు, కొత్త ఫైలు తర్వాత. బీఎస్‌ప్యాచ్‌కు అలవాటు పడ్డ చేతులు ఇక్కడ తడబడతాయి. ఎక్స్‌డెల్టా3 పాత ఫైలును ఒక కిటికీలోంచి చూస్తుంది, ఆ కిటికీ మామూలుగా 64 మెగాబైట్లు. ఇమేజిలో ఏదైనా భాగం అంతకంటే దూరం జరిగి ఉంటే సరిపోలిక దొరకక ప్యాచ్ ఉబ్బిపోతుంది. మెమరీ ఉంటే "-బీ" ఐచ్ఛికంతో, ఇంగ్లీషు పెద్ద అక్షరంతోనే, కిటికీని పాత ఫైలంత చేయండి. ఒక గిగాబైటుకు 1073741824 అని ఇవ్వాలి. పెద్ద అక్షరం కావలసిన రెండో చోటు ఇది.

దీని ప్యాచ్‌లో ఒక్కో ముక్కకూ చెక్‌సమ్ ఉంటుంది కనుక తప్పు పాత ఫైలు ఇస్తే సరిపోలలేదని చెప్పి ఆగిపోతుంది. అప్పటికి సగం రాసిన ఫైలు మిగిలితే తీసివేయాలి.

కుదింపు కోసం జెడ్‌స్టాండర్డ్ ఎలాగూ వాడుతున్నవారికి కొత్త పనిముట్టు అక్కర్లేదు. 2020లో వచ్చిన 1.4.5 వెర్షను నుంచి "--ప్యాచ్-ఫ్రమ్=పాత.ఐఎంజీ" అనే ఐచ్ఛికం ఉంది, కుదించేటప్పుడూ, "-డీ"తో విప్పేటప్పుడూ అదే పాత ఫైలును చూపితే చాలు. వేగం బాగుంటుంది. ఎక్జిక్యూటబుల్ ఫైళ్ల మీద మాత్రం బీఎస్‌డిఫ్ శేషాల ఉపాయం దీనికి లేదు. ఏది చిన్నగా వస్తుందో మీ ఫైళ్ల మీదే మూడూ నడిపి చూసుకోవడం మంచిది.

కుదించిన ఫైళ్ల దగ్గర ఆగండి

ప్యాచ్ దాదాపు కొత్త ఫైలంత పరిమాణంలో వచ్చిందంటే, నూటికి తొంభై సార్లు మీరు కుదించిన ఫైళ్ల మధ్య తేడా తీస్తున్నారని అర్థం. జిప్, జీజిప్, ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు), డాక్‌ఎక్స్ అన్నీ ఈ కోవలోవే. లోపలి పాఠంలో ఒక్క అక్షరం మారినా, కుదింపు తర్వాత అక్కడి నుంచి బిట్ల వరుస వేరే దారి పడుతుంది.

సహజమైన మార్గం విప్పి తేడా తీయడం. అవతలివారికి విప్పిన ఫైలు చాలనుకుంటే అంతటితో సరి. కుదించిన ఫైలే బైటు తేడా లేకుండా కావాలంటే మాత్రం, అవతలి వైపు తిరిగి కుదించేటప్పుడు అదే పనిముట్టు, అదే వెర్షను, అదే స్థాయి ఉండాలి. జీజిప్ తన శీర్షికలో ఫైలు పేరునూ సమయాన్నీ కూడా రాస్తుంది కనుక "-ఎన్" ఐచ్ఛికంతో వాటిని మానిపించాలి. గూగుల్ ప్లే 2016 డిసెంబరులో ప్రకటించిన పద్ధతి సరిగ్గా ఇదే పని చేస్తుంది: ఏపీకే లోపలి ఫైళ్లను విప్పి, వాటి మధ్య ప్యాచ్ చేసి, ఫోనులో తిరిగి అదే తీరుగా కుదిస్తుంది. నేరుగా బీఎస్‌డిఫ్ వాడినప్పుడు పూర్తి యాప్ కంటే సగటున 47 శాతం తగ్గితే, ఈ పద్ధతిలో 65 శాతం తగ్గిందని వారు చెప్పారు. తిరిగి కుదించడానికి ఫోను కష్టపడాలి కాబట్టి మొదట దానిని ఆటోమేటిక్ అప్‌డేట్లకే పరిమితం చేశారు.

ఆ కష్టం ప్రతిసారీ గిట్టుబాటు అవుతుందని లేదు. ఫెడోరా లినక్స్ ఏళ్ల తరబడి డెల్టా ఆర్‌పీఎంలతో, అంటే ప్యాకేజీల మధ్య తేడాలతో, అప్‌డేట్లు ఇచ్చి, 2024లో వచ్చిన 40వ విడుదల నుంచి మానేసింది. డేటా ఖరీదుగా, నెట్ నెమ్మదిగా ఉన్నచోట ప్యాచ్ గెలుస్తుంది. మంచి ఫైబర్ కనెక్షను ఉండి ఫైలు 20 మెగాబైట్లే అయితే మొత్తం ఫైలు పంపడమే సుఖం.

గిట్‌లో ఉన్న బైనరీ ఫైళ్లు

గిట్ అనేది ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే పనిముట్టు. గిట్ డిఫ్ మామూలుగా బైనరీ ఫైలు మారిందని మాత్రమే రాస్తుంది, ఆ ప్యాచ్ వేయబోతే కుదరదంటుంది. "--బైనరీ" అని చేర్చాలి:

గిట్ డిఫ్ --బైనరీ > బొమ్మలు.ప్యాచ్

గిట్ అప్లై --చెక్ బొమ్మలు.ప్యాచ్

ఇప్పుడు మార్పు మొత్తం బేస్85 అక్షరాలుగా టెక్స్టు ఫైలులోనే వస్తుంది, మెయిలులో పంపవచ్చు. ప్రతి 4 బైట్లకు 5 అక్షరాలు పడతాయి. పైన రెండో ఆదేశం ప్యాచ్ సరిపోతుందో లేదో పరీక్షిస్తుందంతే, నిజంగా వేయడానికి "--చెక్" తీసేసి నడపాలి. పాత ఫైలు హాష్ కూడా ప్యాచ్‌లోనే ఉండడం వల్ల, చేతిలో ఉన్న ఫైలు అది కాకపోతే గిట్ ఒప్పుకోదు. ఆ హాష్‌ను షా1సమ్ ఫలితంతో పోల్చకండి, గిట్ ఫైలుకు ముందు తన సొంత శీర్షిక చేర్చి లెక్కిస్తుంది గనుక అవి ఎన్నడూ కలవవు.

అవతలి యంత్రంలో వేయడం

ప్యాచ్ అందుకున్నవారు చేయవలసిన పని వరుస ముఖ్యం. దీనిని ఒక చిన్న స్క్రిప్టుగా రాసి ప్యాచ్‌తో పాటే పంపితే ఇంకా మంచిది. అన్నింటికంటే ముందు డిస్కులో పాత, కొత్త, ప్యాచ్ మూడూ ఒకేసారి పట్టే చోటు ఉందో లేదో చూడాలి. తర్వాత షా256సమ్ "-సీ"తో ప్యాచ్ హాష్‌నూ, పాత ఫైలు హాష్‌నూ సరిచూసి, ఏ ఒక్కటి కలవకపోయినా అక్కడే ఆపేయాలి. ఫైలు పేర్లు హాష్‌ల జాబితాలో ఎలా రాశారో అలాగే ఉంటేనే ఆ ఆదేశం వాటిని వెతుక్కోగలదన్నది గుర్తుంచుకోండి.

కొత్త ఫైలును పాతదాని పేరుతో కాక, అదే ఫోల్డరులో వేరే పేరుతో తయారు చేయాలి. దాని హాష్ సరిపోయాకే అనుమతులు సరిచేయాలి, ఎందుకంటే బీఎస్‌ప్యాచ్ తయారు చేసిన ఫైలుకు నడిపే అనుమతి ఉండదు. సర్వర్లో ప్యాచ్ వేసిన తర్వాత ప్రోగ్రాము లేవకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే మొదటిది. అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్‌కు "--రిఫరెన్స్=పాత.బిన్" ఇస్తే పాతదాని అనుమతులే వస్తాయి. ఆ తర్వాత పాత ఫైలును ఇంకో పేరుతో భద్రపరచి, కొత్తదానిని పేరు మార్చే ఎంవీ ఆదేశంతో అసలు పేరు మీదికి తేవాలి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్పు ఒక్క దెబ్బలో జరిగిపోతుంది, మధ్యలో కరెంటు పోయినా సగం ఫైలు మిగలదు. వేరే డిస్కులోని తాత్కాలిక ఫోల్డరు నుంచి తెస్తే మాత్రం అది నకలు తీసి చెరిపే పనిగా మారి, ఆ భరోసా పోతుంది.

లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాము పేరు మీదికి కొత్తదానిని ఇలా తేవచ్చు, నడుస్తున్నది పాత కాపీతోనే కొనసాగుతుంది, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్తది వస్తుంది. విండోస్ అయితే నడుస్తున్న ఫైలును మార్చనివ్వదు, ముందు ఆపాలి.

డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్ల గురించి ఒక అపోహ ఉంది. చేత్తో బైటు మారిస్తే సంతకం చెల్లకుండా పోతుంది, నిజమే. కాని సంతకం చేసిన పాత వెర్షను నుంచి సంతకం చేసిన కొత్త వెర్షనుకు తీసిన ప్యాచ్ వేస్తే, తయారయ్యేది బైటు తేడా లేని కొత్త వెర్షనే గనుక సంతకం దానితో పాటే వస్తుంది.

ఊరూ పేరూ తెలియని ప్యాచ్‌ను మాత్రం వేయకండి. ప్యాచ్‌లో రాసిన సూచనలను చదివి నడిచే ప్రోగ్రాము బీఎస్‌ప్యాచ్. ఆ సూచనల్లో రుణ సంఖ్యలు ఉంటే పట్టుకోని లోపం దానిలో చాలాకాలం ఉండేది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-9862గా నమోదైన ఆ లోపంతో, కావాలని తయారు చేసిన ప్యాచ్ మెమరీ హద్దు దాటి రాయగలిగేది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2016 జూలైలో దానికి సవరణ ఇచ్చింది. పాత పరికరాల్లో పొందుపరచిన బీఎస్‌ప్యాచ్ కోడు ఏ కాలం నాటిదో చూసుకోవాలి. ప్యాచ్ ఉన్న చోటే పెట్టిన హాష్ డౌన్‌లోడు దెబ్బతినలేదని చెబుతుందే గాని, పంపినది ఎవరో చెప్పదు; దానికి జీపీజీ లాంటి సంతకం కావాలి.

వెర్షన్లు పెరిగినప్పుడు, వెనక్కి రావలసినప్పుడు

ఒకటో వెర్షనులో ఉన్నవారిని నాలుగో వెర్షనుకు తేవడానికి మూడు ప్యాచ్‌లు వరుసగా వేయించవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగుకు నేరుగా ఒక ప్యాచ్ చేయవచ్చు. వరుసలో ప్రతి మెట్టు దగ్గరా హాష్ సరిచూడాలి. ఇటీవలి రెండు మూడు వెర్షన్ల నుంచి నేరుగా ప్యాచ్‌లు ఉంచి, అంతకంటే పాతవారికి పూర్తి ఫైలు ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. పాత ఫైలు మీ దగ్గర లేక, అవతలి సర్వర్లో మాత్రమే ఉంటే ఆర్‌డిఫ్ వాడాలి. అవతల పాత ఫైలు నుంచి ఒక చిన్న సిగ్నేచరు తీసి పంపితే, దాన్ని పట్టుకుని ఇవతల కొత్త ఫైలుతో డెల్టా తయారు చేయవచ్చు. ఆర్‌సింక్ వాడేది ఈ సూత్రాన్నే.

వెనక్కి రావడం సంగతి ముందే ఆలోచించుకోవాలి. గిట్ బైనరీ ప్యాచ్‌లో రెండు దిశల మార్పులూ ఉంటాయి కనుక గిట్ అప్లైకి "-ఆర్" అని, పెద్ద అక్షరంతో, ఇస్తే వెనక్కి తిప్పుతుంది. బీఎస్‌డిఫ్, ఎక్స్‌డెల్టా3, ఐపీఎస్ ప్యాచ్‌లు ఒక్క దిశలోనే పోతాయి. ఐపీఎస్‌లో పాత బైటు ఏమిటో కూడా రాసి ఉండదు. అందువల్ల పాత ఫైలును దాచుకోవాలి, లేదా స్థానాలు తారుమారు చేసి, కొత్తది ముందూ పాతది వెనకా ఇచ్చి, ఇంకో ప్యాచ్ చేసి పెట్టుకోవాలి. మెకానిక్ షెడ్డు కంప్యూటర్లో నేను రెండోదే చేశాను. 4097వ స్థానంలో 53 తిరిగి రాసే ఆ ప్యాచ్ కూడా 14 బైట్లే, పాత, కొత్త ఫైళ్ల హాష్‌లు రాసిన చిన్న ఫైలు పక్కనే అదే ఫోల్డరులో ఉంది.